వాకీటాకీ కొనే ముందు

హైదరాబాదుకు పడమర వైపు మాదాపూర్ ఉంది. ఒకప్పుడు అది చిన్న ఊరు. చుట్టూ పెద్ద పెద్ద బండలు, తుప్పలు ఉండేవి. 1998 నవంబరు 22న అక్కడ సైబర్ టవర్స్ అనే భవనాన్ని అప్పటి ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజపేయి ప్రారంభించారు. హైటెక్ సిటీ అట్లా మొదలైంది. ఆ తరువాత కొండాపూర్, గచ్చిబౌలి, రాయదుర్గం, నానక్‌రాంగూడ, కోకాపేట దాకా అద్దాల మేడలు లేచాయి.

ఈ మేడల్లో కంప్యూటర్ల ముందు కూర్చునేవారు ఎందరో ఉన్నారు. గేటు కాసేవారు, ఊడ్చేవారు, కరెంటు చూసేవారు, లిఫ్టు బాగు చేసేవారు, బండ్లు నిలబెట్టించేవారు కూడా ఎందరో ఉన్నారు. వీరు పని చేసేటప్పుడు ఒకరికొకరు కనిపించరు. ఒకరు కింద సెల్లార్‌లో ఉంటారు. ఒకరు పదో అంతస్తులో ఉంటారు. మరి ఒకరి మాట ఒకరికి ఎట్లా అందాలి?

అటువంటి ఒక మేడ కథ చూద్దాం.

ఆ రాత్రి ఏం జరిగింది?

ఆ మేడకు కింద మూడు సెల్లార్లు ఉన్నాయి. అన్నిటికన్నా కింద ఉన్నది మూడో సెల్లార్. అక్కడ రాత్రి డ్యూటీ ఒక పెద్దాయనది. అందరూ ఆయనను కాకా అని పిలుస్తారు.

ఒక రాత్రి కుండపోత వాన కురిసింది. రోడ్డు మీది నీళ్లు బండ్లు దిగే దారి వెంట సెల్లార్‌లోకి దూకాయి. కాకా చూశాడు. నీళ్లు మడమల దాకా వచ్చాయి. గోడకు కరెంటు పెట్టె ఉంది. నీళ్లు దాని వైపు పోతున్నాయి. ఆ పక్క గదిలోనే ఊడ్చే పని చేసే ఇద్దరు ఆడవాళ్లు అన్నం తింటున్నారు.

కాకా జేబులోంచి ఫోను తీశాడు. సిగ్నల్ ఒక్క గీత కూడా లేదు.

ముందు ఆడవాళ్లను లేపాలా? పైకి పోయి కరెంటు ఆపించాలా? ఏది ముందు?

కాకా గది వైపు పరుగెత్తాడు. "చెల్లె, లేవుండ్రి! అన్నం ఇడిసిపెట్టి పైకి నడువుండ్రి!" అని కేక వేశాడు. ముగ్గురూ మెట్లెక్కారు. పైన గేటు దగ్గరకు చేరేసరికి కాకాకు ఊపిరి ఆడలేదు. అప్పుడు ఎలక్ట్రీషియన్ పరుగెత్తి మెయిన్ ఆపాడు.

ఎవరికీ ఏమీ కాలేదు. కానీ కరెంటు ఆపేలోగా చాలాసేపు గడిచింది. ఆ నీళ్లలో కరెంటు దిగి ఉంటే?

తెల్లవారి సూపర్‌వైజరు అడిగాడు.

"కాకా, ఫోన్ ఎందుకు చెయ్యలే?"

"సెల్లార్‌ల సిగ్నల్ ఎక్కడిది సార్? మీరు ఎన్నడన్న దిగి చూసిండ్రా?"

సూపర్‌వైజరు దిగి చూశాడు. కాకా మాట నిజమే. ఆఫీసు వారితో మాట్లాడాడు. ఆరు వాకీటాకీలు కొనడానికి వారు ఒప్పుకున్నారు.

"దుకాణానికి నువ్వు కూడ రా కాకా. కింద పని చేసేది నువ్వు. నాకు తెలువనివి నీకు తెలుస్తయి" అన్నాడు సూపర్‌వైజరు.

వాకీటాకీకీ సెల్‌ఫోనుకూ తేడా ఏమిటి?

సెల్‌ఫోను మాట ముందు టవరుకు పోతుంది. అక్కడి నుంచి అవతలి ఫోనుకు పోతుంది. టవరు అందకపోతే ఫోను పలకదు. టవరుకు కరెంటు లేకపోయినా, ఒకేసారి అందరూ ఫోన్లు చేసినా ఇబ్బందే. 2020 అక్టోబరు 13న హైదరాబాదులో భారీ వాన పడి ఎన్నో కాలనీలు మునిగాయి. అటువంటి రోజున ఫోను ఒక్కదాన్నే నమ్ముకుంటే కష్టం.

వాకీటాకీకి టవరు అక్కర లేదు. ఒక సెట్టు నుంచి మాట నేరుగా ఇంకో సెట్టుకు పోతుంది. నంబరు కొట్టే పని లేదు. పక్కనున్న బటన్ నొక్కి మాట్లాడాలి. వదిలి వినాలి. ఒకరు మాట్లాడితే అదే చానల్‌లో ఉన్న అందరికీ వినిపిస్తుంది. ఒకేసారి ఇద్దరు మాట్లాడితే ఎవరి మాటా సరిగా వినిపించదు.

మాటను మోసుకుపోయేవి రేడియో తరంగాలు. ఇవి కంటికి కనిపించవు. తీగ లేకుండానే పోతాయి. 1895లో కలకత్తాలో జగదీశ్ చంద్ర బోసు ఈ తరంగాలను గోడల గుండా పంపి దూరాన గంట మోగించి చూపారు. రెండో ప్రపంచ యుద్ధంలో సైనికులు రేడియో సెట్లను వీపున మోస్తూ, చేత పట్టుకుని మాట్లాడుకున్నారు. వాకీటాకీ అనే పేరు ఆ రోజుల్లోనే వాడుకలోకి వచ్చింది.

మన పని ఎక్కడ?

సెట్టు ధర అడిగే ముందు మన పని ఎక్కడో చూసుకోవాలి. పొలంలో పనికి వచ్చే సెట్టు సెల్లార్‌లో పనికి రాకపోవచ్చు.

రేడియో తరంగం చెరువులోని అల వంటిది. అలకు పొడవు ఉంటుంది. వి.హెచ్.ఎఫ్. అనే రకం సెట్ల అల సుమారు 2 మీటర్లు ఉంటుంది. అంటే నాలుగు మూరల పైమాటే. అది బయలు ప్రదేశంలో, చెట్ల మధ్య బాగా పోతుంది. యు.హెచ్.ఎఫ్. అనే రకం సెట్ల అల పొట్టిది. సుమారు 67 సెంటీమీటర్లు, అంటే మూరన్నర. అది తలుపు సందుల్లోంచి, కిటికీల్లోంచి, మెట్ల దారిలోంచి దూరి పోగలదు. అందుకే మేడల్లో పనికి యు.హెచ్.ఎఫ్. మేలు.

అయినా దానికి కూడా హద్దు ఉంది. కాంక్రీటులో ఇనుప చువ్వలు ఉంటాయి. ఎండ వేడి లోపలికి రాకుండా మేడల అద్దాలకు సన్నని లోహపు పూత వేస్తారు. ఆ పూత రేడియో తరంగాలను కూడా అడ్డుకుంటుంది. ఇక సెల్లార్ చుట్టూ ఉన్నది మట్టి, బండ. హైదరాబాదు బండలు సుమారు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైటు రాళ్లు. వాటిలోంచి తరంగం పోలేదు. దారి వెంటా, మెట్ల వెంటా మాత్రమే పైకి రావాలి.

కోఠిలో బేరం

సూపర్‌వైజరు, కాకా కలిసి కోఠి వెళ్లారు. అక్కడ గుజరాతీ గల్లీలో ఎలక్ట్రానిక్ సామాన్ల దుకాణాలు ఉన్నాయి. ఒక దుకాణంలో అడిగారు. దుకాణదారు ఒక పెట్టె తీసి ముందు పెట్టాడు.

"ఇది తీసుకోండన్నా. 5 వాట్లు. 10 కిలోమీటర్లు పోతది. ధర కూడ తక్కువ. అందరూ ఇదే కొంటున్నరు."

"లైసెన్సు కావాలా?" అని సూపర్‌వైజరు అడిగాడు.

"ఎవ్వరడుగుతరన్నా?"

కాకా ఈ మధ్యనే రాత్రి బడిలో తెలుగు చదవడం నేర్చుకున్నాడు. పెట్టె మీద ఉన్నది ఇంగ్లీషు. ఆ అక్షరాలు ఆయనకు రావు. కానీ అంకెలు వస్తాయి. సూపర్‌వైజరు ముందే కనుక్కుని చెప్పిన అంకెను కాకా చీటీ మీద రాసుకుని వచ్చాడు. ఆ అంకె 446.

కాకా పెట్టెను తిప్పి చూశాడు. 136-174 అని ఉంది. 400-470 అని ఉంది.

"సార్, మనం అనుకున్నది 446 ఒక్కటే గద. ఇండ్ల 400 నుంచి 470 దాక ఉన్నది. ఇది వేరే రకం" అన్నాడు.

దుకాణదారు ఆ పెట్టె పక్కన పెట్టాడు. ఇంకో పెట్టె తీశాడు.

446 అంటే ఏమిటి?

రేడియో తరంగం సెకనుకు ఎన్నో లక్షల సార్లు ఊగుతుంది. సెకనుకు పది లక్షల సార్లు ఊగితే ఒక మెగాహెర్ట్జ్. 446 మెగాహెర్ట్జ్ అంటే సెకనుకు 44 కోట్ల 60 లక్షల సార్లు.

పోలీసులకు కొన్ని మెగాహెర్ట్జ్‌లు, విమానాలకు కొన్ని, సెల్‌ఫోన్లకు కొన్ని అని ప్రభుత్వం పంచి ఇస్తుంది. ఒకరి దారిలో ఒకరు అడ్డు రాకూడదు. అడ్డు వస్తే అంబులెన్సుకో, అగ్నిమాపక దళానికో మాట అందకపోవచ్చు. ఒకరి ప్రాణం మీదికి రావచ్చు.

అందుకే వైర్‌లెస్ సెట్టు ఉంచుకోవడానికి లైసెన్సు కావాలని మన దేశంలో 1933లోనే చట్టం చేశారు. 2023లో కొత్త టెలికమ్యూనికేషన్ల చట్టం వచ్చింది. అందులో కూడా అనుమతి అవసరమనే ఉంది.

కానీ ఒక చిన్న దారి అందరికీ తెరిచి ఉంచారు. 446.0 నుంచి 446.2 మెగాహెర్ట్జ్ దాకా తక్కువ శక్తితో పని చేసే సెట్లకు లైసెన్సు అక్కర లేదు. ఇది 2018లో వచ్చిన నియమాలలో ఉంది. ఈ సెట్ల శక్తి మామూలుగా అర వాటు ఉంటుంది. అయితే సెట్టుకు ప్రభుత్వ ఆమోదపత్రం ఉండాలి. దాన్ని ఇ.టి.ఎ. అంటారు. కేంద్ర టెలికాం శాఖలోని వైర్‌లెస్ విభాగం దాన్ని ఇస్తుంది.

చాలా దుకాణాల్లో, ఇంటర్నెట్‌లో ఈ సంగతి చెప్పకుండా సెట్లు అమ్మారు. అందుకని 2025 మే నెలలో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ ఇంటర్నెట్ దుకాణాలకు నోటీసులు ఇచ్చింది. ఆ సంవత్సరమే మార్గదర్శకాలు కూడా తెచ్చింది. ఏ మెగాహెర్ట్జ్‌లో పని చేస్తుందో, లైసెన్సు కావాలో వద్దో, ఆమోదం ఉందో లేదో చెప్పి అమ్మాలి.

మనలో కొందరి పిల్లలు, అల్లుళ్లు అమెరికాలో ఉన్నారు. వారు వచ్చేటప్పుడు వాకీటాకీలు కానుకగా తెస్తారు. అమెరికాలో ఇండ్లలో వాడే సెట్లు 462, 467 మెగాహెర్ట్జ్‌లలో పని చేస్తాయి. అక్కడ వాటికి లైసెన్సు వద్దు. ఇక్కడ ఆ అంకెలకు ఆ వెసులుబాటు లేదు. దేశం మారితే దారి మారుతుంది.

మరి 5 వాట్ల సెట్లు అసలు కొనకూడదా? కొనవచ్చు. పెద్ద కంపెనీలు, పెద్ద ఆస్పత్రులు టెలికాం శాఖకు దరఖాస్తు పెట్టి, రుసుము కట్టి, తమ కోసం వేరే మెగాహెర్ట్జ్ తీసుకుంటాయి. ఆ పని యాజమాన్యం చేయాలి. లైసెన్సు లేని సెట్టును గార్డు చేతికి ఇస్తే, తనిఖీకి వచ్చినవారికి దొరికేది గార్డే. అందుకే మన చేతికి ఏ సెట్టు ఇచ్చారో మనం కూడా చూసుకోవాలి.

పది కిలోమీటర్లు నిజమేనా?

పెట్టె మీద 10 కిలోమీటర్లు అని రాస్తారు. ఒక గుట్ట మీద ఒకరు, ఇంకో గుట్ట మీద ఒకరు నిలబడి, మధ్యలో ఏ అడ్డూ లేకపోతే మాట అంత దూరం పోవచ్చు. మేడల మధ్య పోదు. అక్కడ కిలోమీటరు కూడా దాటకపోవచ్చు. మేడ లోపల కొన్ని అంతస్తులు దాటితే గొప్ప.

వాట్లు పెంచితే దూరం అంత పెరుగుతుందా? పెరగదు. ఏ అడ్డూ లేని చోట కూడా శక్తి నాలుగింతలు చేస్తే దూరం రెండింతలే అవుతుంది. గోడలుంటే ఇంకా తక్కువ.

ఇంకో రకం సెట్లు కూడా ఉన్నాయి. వాటిలో సిమ్ కార్డు వేస్తారు. "దేశమంతా పలుకుతుంది" అని అమ్ముతారు. అవి చూడడానికి వాకీటాకీలే. కానీ సెల్‌ఫోను టవరు మీదే నడుస్తాయి. కాకా ఫోను పలకని చోట అవి కూడా పలకవు.

కాకా అడిగిన ప్రశ్నలు

కొత్త పెట్టె మీద 446 ఉంది. ఆమోదపత్రం నకలు కూడా దుకాణదారు చూపించాడు. కాకా సెట్టు చేతిలోకి తీసుకున్నాడు.

"బ్యాటరీ ఎంతసేపు వస్తది?"

"12 గంటలు వస్తది కాకా."

ఈ లెక్క ఎట్లా కడతారు? చాలా కంపెనీలు నూరు నిమిషాల్లో 5 నిమిషాలు మాట్లాడినట్టు, 5 నిమిషాలు విన్నట్టు, 90 నిమిషాలు సెట్టు ఊరికే ఉన్నట్టు లెక్క వేస్తాయి. బండ్లు వచ్చిపోయే చోట మాట్లాడడం ఎక్కువ. బ్యాటరీ ముందే దిగిపోతుంది. కాకా డ్యూటీ 12 గంటలు. అందుకని సెట్టుకు ఇంకో బ్యాటరీ తీసుకోవాలని సూపర్‌వైజరు అనుకున్నాడు.

"నీళ్లు పడితే?"

సెట్టు మీద ఐ.పి. అనే గుర్తు పక్కన రెండు అంకెలు ఉంటాయి. మొదటి అంకె దుమ్ము గురించి. రెండో అంకె నీళ్ల గురించి. 54 అని ఉంటే నీటి చిందులకు తట్టుకుంటుంది. 67 అని ఉంటే కాసేపు నీళ్లలో పడినా తట్టుకుంటుంది. వానలో నిలబడే గార్డుకు ఈ అంకె ముఖ్యం.

"చీకట్ల బటన్ దొరుకుతదా? చేతికి తొడుగులు ఉంటే?"

కాకా కండ్లు మూసుకుని బటన్ వెతికాడు. దొరికింది.

ఆఖరు ప్రశ్న సూపర్‌వైజరు అడిగాడు. "రెండు సెట్లు తీసుకుపోయి మా సెల్లార్‌ల చూస్తం. పనికి రాకుంటే వాపసు తీసుకుంటవా?"

దుకాణదారు కొంచెం ఆలోచించి ఒప్పుకున్నాడు. ఆ మాట బిల్లు మీద రాయించుకున్నారు.

సెల్లార్‌లో పరీక్ష

సూపర్‌వైజరు గేటు దగ్గర నిలబడ్డాడు. కాకా సెట్టు పట్టుకుని కిందికి దిగాడు. మొదటి సెల్లార్ నుంచి మాట చక్కగా వినిపించింది. రెండో సెల్లార్ నుంచి గరగరమంటూ వినిపించింది. మూడో సెల్లార్ నుంచి వినిపించలేదు.

సూపర్‌వైజరు ముఖం చిన్నబోయింది. "వాపసు ఇద్దామా కాకా?"

"ఆగుండ్రి సార్. మొదటి సెల్లార్ల ఒకరిని నిలబెట్టి చూద్దాం."

ఈసారి సూపర్‌వైజరు మొదటి సెల్లార్‌లో, బండ్లు దిగే దారి మలుపులో నిలబడ్డాడు. మూడో సెల్లార్‌లో కాకా కూడా దారి మొదట్లోకి వచ్చి నిలబడ్డాడు. మాట అందింది.

అంటే ఏం చేయాలి? మలుపు దగ్గర గార్డు కింది మాట విని పైకి చెప్పాలి. పై మాట విని కిందికి చెప్పాలి. కాకా ఇంకో సంగతి కూడా అడిగాడు. "మూడో సెల్లార్ నుంచి గేటు దాక తీగ గుంజి ఒక గంట పెట్టించుండ్రి. మాట అందకున్నా గంట మోగుతది." ఆఫీసు వారు ఆ గంట కూడా పెట్టించారు.

కొనక ముందే చూశారు కాబట్టి ఇది తెలిసింది. వాన రాత్రి తెలిసి ఉంటే?

మాట్లాడే పద్ధతి

సెట్టు మంచిదైతే చాలదు. మాట కూడా సరిగా ఉండాలి.

బటన్ నొక్కి ఒక క్షణం ఆగి మాట్లాడాలి. లేకపోతే మొదటి మాట తెగిపోతుంది. "వద్దు ఎత్తు" అంటే "ఎత్తు" అని వినిపించవచ్చు! ముందు ఎవరిని పిలుస్తున్నామో చెప్పాలి. తరువాత మనం ఎవరమో చెప్పాలి. మాట చిన్నగా ఉండాలి. అయిపోతే "ఓవర్" అనాలి. విన్నవారు ఆ మాటను తిరిగి చెప్పాలి.

తాళాలు, డబ్బు, ఎవరు ఒంటరిగా ఉన్నారు అన్న సంగతులు సెట్టులో చెప్పకూడదు. పక్క మేడవారు అదే చానల్‌లో ఉంటే వింటారు. సెట్టులో రహస్య కోడ్ అని ఒకటి ఉంటుంది. అది ఇతరుల మాట మనకు వినపడకుండా చేస్తుంది. మన మాటను దాచదు.

క్రేన్ దగ్గర పని చేసేవారికి ఇంకో నియమం ఉంది. మాట తెగిపోతే క్రేన్ ఆపాలి. మళ్లీ మాట అందేదాకా కదపకూడదు. "ఆపు" అని ఎవరన్నా ఆపవలసిందే.

జాగ్రత్త! బండలు పేల్చే చోటు

పునాదుల కోసం బండలు పేలుస్తారు. కరెంటు తీగలతో పేల్చే డిటొనేటర్లు ఉన్న చోట వాకీటాకీ బటన్ నొక్కకూడదు. ఆ తీగలు రేడియో తరంగాన్ని అందుకుని మందు ముందే పేలే ప్రమాదం ఉంది. హెచ్చరిక బోర్డు దాటే ముందే సెట్టు ఆపాలి. పెట్రోలు, గ్యాసు ఆవిరి నిండిన చోట కూడా మామూలు సెట్టు వాడకూడదు. నిప్పురవ్వ రాకుండా ప్రత్యేకంగా చేసిన సెట్లు వేరే ఉన్నాయి.

మళ్లీ వాన

నెల తిరగక ముందే మళ్లీ పెద్ద వాన వచ్చింది. దారి మీద నీళ్లు కనిపించగానే కాకా బటన్ నొక్కాడు. ఒక క్షణం ఆగాడు.

"మలుపుకు, మూడో సెల్లార్ నుంచి. నీళ్లొస్తున్నయి. కరెంటు ఆపుండ్రి. ఓవర్."

"నీళ్లొస్తున్నయి, కరెంటు ఆపాలె. గేటుకు చెప్తున్న కాకా. ఓవర్."

ఎలక్ట్రీషియన్ మెయిన్ ఆపాడు. సెల్లార్ చీకటైంది. అప్పటికే కాకా టార్చి పట్టుకుని గది దగ్గర ఉన్నాడు. ఈసారి ఆయన రెండు పనుల్లో ఒకదాన్ని ఎంచుకోవలసిన అవసరం రాలేదు.

గుర్తుంచుకుందాం

1. ముందు పని చోటు చూడాలి. తరువాత సెట్టు చూడాలి.
2. లైసెన్సు లేకుండా వాడాలంటే 446.0 నుంచి 446.2 మధ్యనే ఉండాలి. ఇ.టి.ఎ. ఆమోదం ఉండాలి.
3. పెట్టె మీది కిలోమీటర్లు నమ్మకూడదు. మన చోట మనమే పరీక్షించాలి.
4. బ్యాటరీ, నీళ్లకు తట్టుకునే అంకె, బటన్ చూసుకోవాలి.
5. బిల్లు తీసుకోవాలి. మోసం జరిగితే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేయాలి.

లెక్క చేయండి

ఒక బ్యాటరీ 8 గంటలు వస్తుంది. రాత్రింబగళ్లు 24 గంటలు ఒక సెట్టు నడవాలంటే ఎన్ని బ్యాటరీలు మార్చాలి? ఆరు సెట్లకు ఎన్ని?

చర్చించండి

1. మీరు పని చేసే చోట ఫోను సిగ్నల్ అందని మూల ఏది? అక్కడ ఆపద వస్తే ఎవరికి, ఎట్లా చెప్తారు?
2. "ఎవ్వరడుగుతరన్నా?" అని దుకాణదారు అన్నాడు. మీరైతే ఏం జవాబు చెప్పేవారు?
3. పనిముట్టు కొనేటప్పుడు దానితో పని చేసేవారిని ఎందుకు అడగాలి?